తట్ట మోసినవాళ్ల పేర్లు ఏ రిపోర్టులో ఉన్నాయి?

తవ్వకాల్లో ఏం దొరికిందని అడిగేవాళ్లున్నారు గాని, ఎవరు తవ్వారని అడిగేవాళ్లు లేరు. దినపత్రికల జిల్లా పేజీల్లో వచ్చే వార్త ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఫలానా ఊరి దగ్గర ఫలానా కాలపు పనిముట్లు బయటపడ్డాయి, ఫలానా ఆచార్యులు వాటిని పరిశీలించారు. పక్కన ఒక ఫోటో. గుంత అంచున టోపీ పెట్టుకున్న పెద్దమనిషి వేలితో దేన్నో చూపిస్తుంటాడు. గుంతలో కొంగు నడుముకు దోపుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని తట్ట ఎత్తుకుంటున్న ఆడమనిషి వీపు కనిపిస్తుంది. ఫోటో కింద రాసిన వాక్యంలో మాత్రం ఆమె ఉండదు.

నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. పురావస్తు శాస్త్రం నా రంగం కాదు. దొర్నిపాడు చుట్టుపక్కల వ్యవసాయ కూలీ స్త్రీల పని దినాల లెక్క తీస్తున్నప్పుడు ఈ విషయం నా ముందుకొచ్చింది. ఏడాది పొడుగునా ఏ పనులకు పోతారని అడిగితే పత్తి తీత, మిరప కోత, శనగ పీకడం, కలుపు, ఉపాధి పని అని వరసగా చెప్పుకొచ్చిన వాళ్లలో కొందరు చివర్న ‘రాళ్ల సార్ల పని’ అన్నారు. బంధువులున్న ఊళ్లో దిగి, అక్కడ గుడారాలు వేసిన వాళ్ల దగ్గర నెలా రెండు నెలలు మట్టి మోసి, జల్లించి వచ్చామన్నారు. సర్వే ఫారాల్లో ఈ పనికి గడి లేదు, ‘ఇతర కూలి’లోకి పోతుంది. అదే పనికి డిగ్రీ ఉన్నవాళ్లు వస్తే మాత్రం ‘క్షేత్ర పరిశోధన’ అనే పేరుంది. ఆ పేరుతో పట్టాలు, ప్రమోషన్లు, విదేశీ ప్రయాణాలు వస్తాయి. ఒకే గుంతలో, ఒకే ఎండలో, ఒకే మట్టి మీద జరిగే పనిని రెండుగా చీల్చిందేమిటన్నది నా ప్రశ్న. చదువే చీల్చిందన్న జవాబు నాకు చాలదు.

మన ప్రాంతం ఈ విషయంలో చిన్నదేమీ కాదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. 1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వించారు. ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయని ఫుట్ ప్రకటించాడు. తర్వాత ఆ వస్తువులు కనపడకుండా పోయాయి. వస్తువులు పోయినా ఫుట్ మాట నిలబడింది, ఎందుకంటే అది అచ్చులో ఉంది. దాని వెంటే దశాబ్దాల తర్వాత మళ్లీ పరిశోధకులు వచ్చారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవిని తవ్వి ఎముక పనిముట్లను మళ్లీ వెలికితీశారు. 2000ల తర్వాత బనగానపల్లె వైపు జుర్రేరు లోయలోని జ్వాలాపురానికి రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాలియా బృందం వచ్చింది. సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కింద పేలినప్పుడు ఇక్కడ పడ్డ బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. పక్కనే ఉన్న రాతి ఆశ్రయంలో 35,000 ఏళ్ల నాటి నుంచి సన్నని రాతి పనిముట్ల వరస ఉందని 2009లో అచ్చయింది. కోవెలకుంట్ల మీదుగా వెళితే దొర్నిపాడుకు ఆ లోయ ఏమంత దూరం కాదు. మానవజాతి ఆఫ్రికా నుంచి ఎప్పుడు బయలుదేరింది, ఏ దారిన నడిచింది అన్న ప్రపంచ చర్చలో మన నల్లరేగడి పక్కనున్న ఒక పల్లె పేరు వినిపిస్తుంది.

ఊరి పేరు వినిపిస్తున్నప్పుడు ఆ ఊరి మట్టిని ఎత్తిపోసినవాళ్ల పేరు ఎందుకు వినిపించదు? ఫుట్ కాలంలో గుహ లోపలి చీకట్లో మట్టి తవ్వి బయటికి మోసినవాళ్లు ఎవరో ఈనాడు ఎవరూ చెప్పలేరు. అది తెల్లదొరల కాలమని సరిపెట్టుకుందాం. స్వాతంత్య్రం వచ్చాక జరిగిన తవ్వకాల నివేదికలు కొన్ని తెచ్చుకుని చదివాను. పర్యవేక్షించిన అధికారులు, డ్రాఫ్ట్స్‌మన్, ఫోటోగ్రాఫర్ ఉంటారు. అనుమతిచ్చిన పెద్దలకు కృతజ్ఞతలుంటాయి. కొన్నిట్లో జీపు డ్రైవరుకు కూడా చోటు దొరికింది. తట్ట మోసిన, జల్లెడ పట్టిన స్త్రీల పేరు నేను చూసినవాటిలో ఒక్కదానిలోనూ లేదు. ‘స్థానిక శ్రామికులు’ అన్న మాటలో వాళ్లందరూ అణిగిపోయారు.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుపడతారు. పేరు రాస్తే ఒరిగేదేమిటి, కూలి సరిగ్గా ఇస్తే చాలదా అంటారు. కూలి విషయం దగ్గరికి వస్తాను. దానికన్నా ముందు, ఆ స్త్రీ చేసే పని ఏమిటో చూడాలి. ‘అన్‌స్కిల్డ్’ అన్న ముద్ర తీసేసి చూస్తేగాని అది కనపడదు.

తవ్వకమంటే గుంత తీయడం కాదు. నేలను చదరాలుగా గీసి, పొర తర్వాత పొర, పైనున్న దాన్ని పూర్తిగా తీశాకే కిందిదాన్ని ముట్టుకుంటూ దిగాలి. మట్టి రంగు మారిందా, గట్టిదనం మారిందా, బూడిద కలిసిందా అన్నది క్షణక్షణం చూసుకోవాలి. పొర మారిన సంగతి పట్టుకోకపోతే వేల ఏళ్ల తేడా ఉన్న వస్తువులు ఒకే సంచిలోకి పోతాయి. ఆ తప్పును తర్వాత ఏ ప్రయోగశాలా దిద్దలేదు. గుంతలోంచి వచ్చిన మట్టి జల్లెడ దగ్గరికి పోతుంది. అక్కడ కూర్చునేది ఎక్కువగా స్త్రీలే. గోటిలో సగం కూడా లేని రాతి పెచ్చును, పూస ముక్కను, చేప ఎముకను, కాలిన గింజను గులకరాళ్లలోంచి ఏరేది వాళ్లే. జ్వాలాపురంలాంటి చోట సన్నని రాతి పనిముట్ల మీదే వాదమంతా నిలబడి ఉంటుంది. రాయి సహజంగా పగిలిందా, మనిషి పగలగొట్టాడా అన్న మొదటి తీర్పు జల్లెడ దగ్గరే జరుగుతుంది. జల్లెడ పట్టినామె పక్కకు పారేసిన దాన్ని ఆచార్యుడు ఎన్నటికీ చూడడు.

ఈ నేర్పు ఆమెకు ఎక్కణ్ణించి వచ్చింది? చిన్నప్పటి నుంచి చేట పట్టి చెరిగింది, బియ్యంలో రాళ్లు ఏరింది, కొర్రల్లో మట్టిబెడ్డ ఏరింది, కళ్లంలో శనగలు జల్లించింది. ఇంట్లో, చేలో, జీతం లేకుండా నేర్చుకున్న పని కాబట్టి అది నేర్పు కాదని, ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన ఓపిక అని అంటారు. ఇది మనకు కొత్త వాదన కాదు. ఎలక్ట్రానిక్స్, బట్టల ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లను ‘చురుకైన వేళ్ల’ పేరుతో చవగ్గా పెట్టుకోవడాన్ని డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే ఎండగట్టారు. మన కర్నూలు జిల్లా హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో ఆడపిల్లలను బడి మాన్పించి క్రాసింగ్ పనికి దింపినప్పుడు కంపెనీల ఏజెంట్లు చెప్పిన సాకు అదే. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, పువ్వు నలగదు అన్నారు. ఆ మాట అన్నది వ్యాపారులు కాబట్టి మనం సులువుగానే మండిపడ్డాం. విశ్వవిద్యాలయం అన్నప్పుడు వినపడనట్టు ఊరుకోవడం సరి కాదు.

కూలి సంగతి. గడ్డపార మగవాళ్లకు, తట్ట ఆడవాళ్లకు అన్న విభజన మన దేశపు తవ్వకాలన్నిట్లో స్థిరపడిపోయింది. చాకుతో, కుంచెతో పొర తేల్చే సున్నితమైన పనికి చెయ్యి తిరిగిన మగవాణ్ణి ‘సెమీ స్కిల్డ్’ కింద రాస్తారు. 1976 నాటి సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే వేతనం ఇవ్వమంది. దాని స్థానంలోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది. చట్టాన్ని ఉల్లంఘించే అవసరమే రాకుండా పని పేరునే రెండుగా చీల్చిపెట్టారు. పొర తేల్చడం ఒక పని, జల్లెడ పట్టడం మరొక పని. రెండోది ఆడవాళ్లది కాబట్టి ‘అన్‌స్కిల్డ్’. ‘అన్‌స్కిల్డ్’ కాబట్టి ఆడవాళ్లు చాలు. ఈ గుండ్రటి తర్కం లోపల ఒక స్త్రీ పది సీజన్లు పనిచేసినా పదకొండో సీజన్‌లో మళ్లీ మొదటిరోజు కూలీగానే చేరుతుంది.

సీజన్ అన్న మాటనూ విప్పి చూడాలి. తవ్వకాల అనుమతి ఏడాది అక్టోబరులో మొదలై సెప్టెంబరుతో ముగుస్తుంది. అందులో వాన తగ్గి నేల ఆరిన నాలుగైదు నెలలే అసలు పని. వాతావరణం వల్లే ఇలా జరుగుతోందని, ఎవరూ కావాలని చేసింది కాదని అంటారు. అయితే చట్టంలో ఒక అంకె ఉంది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లోని దినకూలీలకు తాత్కాలిక హోదా ఇచ్చే 1993 పథకం ఏడాదిలో 240 రోజుల పని అడిగింది (వారానికి అయిదు రోజులు నడిచే ఆఫీసుల్లో 206). ఆ పథకం అప్పుడు పనిలో ఉన్నవాళ్లకేగాని తర్వాత చేరినవాళ్లకు వర్తించదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. 2006లో ఉమాదేవి కేసు తీర్పుతో దొడ్డిదారి పర్మినెంటు లేదని మిగిలిన తలుపూ మూసింది. దొడ్డిదారి అన్న మాట వినగానే తట్ట మోసిన స్త్రీ ఏ దారిన రావాలో ఎవరైనా చెబితే బాగుండును. నాలుగు నెలల తవ్వకంలో 240 రోజులు ఎలా వస్తాయి? మిగతా నెలల్లో దొరికిన పెంకులు కడగడం, నెంబర్లు వేయడం, సంచులు విడదీయడం ఉంటుంది. అదీ పనే. అది స్టోరుకి, పట్నానికి పోతుంది, వేరే మనుషుల చేతికి పోతుంది. అంటే ఏడాది పొడుగునా ఉన్న పనినే, ఆమెకు మాత్రం సీజన్‌గా ముక్కలు చేశారు.

ఇది మన దేశపు వెనుకబాటుతనం అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. అమెరికా జాతీయ పార్కుల్లో పురావస్తు శాస్త్రం చదువుకున్న యువతీయువకులు సీజన్ ఉద్యోగాలు చేస్తారు. రక్షిత అడవుల్లో, లోయల్లో పాత ఇళ్ల ఆనవాళ్లు, రాతి బొమ్మలు నమోదు చేయడం పని. ఆ తాత్కాలిక ఉద్యోగానికి ఏడాదిలో 1,039 గంటల పరిమితి పెట్టారు. రోజుకు ఎనిమిది గంటల లెక్కన సగం ఏడాదికి 1,040 గంటలవుతాయి. ఒక్క గంట తగ్గించారు. పర్మినెంటు ఉద్యోగి హక్కులు అడగకుండా ఉండటానికి ఆ ఒక్క గంట చాలు. 2025 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం ప్రొబేషన్‌లో ఉన్న దాదాపు వెయ్యి మంది పార్కు ఉద్యోగులను ఒక్కసారిగా తీసేసినప్పుడు, పార్కును కాపాడేవాళ్లకు కాపుదల లేదన్న సంగతి ప్రపంచం చూసింది. డిగ్రీ ఉన్న తెల్లజాతి యువతికే ఇదయితే, నిశానీ వేసే దళిత స్త్రీకి ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

పేరు రాస్తే ఒరిగేదేమిటన్న ప్రశ్నకు యుస్రా జవాబు. పాలస్తీనాలోని కార్మెల్ కొండ గుహలను 1929 నుంచి 1934 దాకా డొరొతీ గారడ్ తవ్వించింది. తర్వాత 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి మహిళా ప్రొఫెసర్ అయింది ఈమే. ఆమె పనిలోకి ఎక్కువగా చుట్టుపక్కల జబా, ఇజ్జిమ్ గ్రామాల స్త్రీలనే తీసుకుంది. వాళ్లలో యుస్రా అనే యువతి ఏళ్ల తరబడి పనిచేసి, మట్టిలోంచి తీసినవాటిని ఎంచే పనిలో అందరికన్నా నేర్పరి అయింది. 1932లో తబూన్ గుహ దగ్గర ఒక పన్ను ఆమె కంటబడింది. ఆ పన్ను వెంట పోతే ఒక నియాండర్తల్ స్త్రీ పుర్రె బయటపడింది. ‘తబూన్ 1’ పేరుతో అది ఇప్పుడు లండన్‌లో ఉంది. తానూ కేంబ్రిడ్జికి వెళ్లి చదువుకోవాలని యుస్రా కలగన్నదని అప్పుడు అక్కడున్న ఇంగ్లీషు విద్యార్థిని ఒకామె గుర్తుంచుకుంది. కల అక్కడే ఆగింది. 1948లో ఆ రెండు ఊళ్లూ ఖాళీ అయ్యాయి. ఇంటిపేరు లేని ఒక్క పేరు తప్ప యుస్రా గురించి ఇంకేమీ మిగల్లేదు. ఆ ఒక్క పేరు మిగిలింది కాబట్టే, తొంభై ఏళ్ల తర్వాత ఆ పుర్రె ఎవరి కనుచూపు వల్ల దొరికిందో మనం మాట్లాడుకోగలుగుతున్నాం. గారడ్‌ను నేను తక్కువ చేయడం లేదు. స్త్రీలకు చోటు లేని రంగంలో ఆమె చోటు సంపాదించుకుంది, ఇతర స్త్రీలకు పనిచ్చింది. అయినా ఒక స్త్రీ ప్రొఫెసరు కావడమూ, ఇంకొక స్త్రీ ఒక్క పేరుగా మిగలడమూ ఒకే గుహలో జరిగాయి. స్త్రీలందరం ఒకటే అనే నినాదం దగ్గర మనం తడబడేది ఇక్కడే.

మన నాగార్జునకొండకే వద్దాం. 1926 నుంచి తవ్వకాలు మొదలై, లాంగ్‌హర్‌స్ట్ కాలంలో స్తూపాలు, విహారాలు బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోతుంది గనక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆదరాబాదరాగా లోయనంతా తవ్వారు. వందకు పైగా స్థలాలు తేలాయి. కొన్ని కట్టడాలను కొండ మీదికి ఎత్తి మళ్లీ కట్టారు, మ్యూజియం పెట్టారు. ఆ తవ్వకాల రెండో నివేదిక సంపుటం 2006లో గాని వెలువడలేదు. అప్పుడు పాతికేళ్ల వయసులో మట్టి మోసిన స్త్రీకి నివేదిక వచ్చేసరికి డెబ్బై దాటి ఉంటాయి.

ఇంతకీ ఆ లోయలో ఏం దొరికింది? ఆడవాళ్ల పేర్లు దొరికాయి. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టి తన పేరు చెక్కించుకుంది. రాణులు కాక మామూలు ఉపాసికలూ ఉన్నారు. బోధిసిరి అనే ఉపాసిక తాను కట్టించిన వాటన్నిటినీ, తన బంధువులందరినీ చెప్పుకుంటూ ఒక పెద్ద శాసనం వేయించింది. దాని చివర పని చూసుకున్న ముగ్గురు థేరుల పేర్లున్నాయి. రాయి పని చేసిన విధికుడనే శిల్పి పేరు కూడా ఉంది. పదిహేడు వందల ఏళ్ల కింద, రాజ్యాంగమూ సమాన హక్కులూ లేని రోజుల్లో, చేతిపని చేసినవాడి పేరు శాసనంలో పడింది. ఆ శాసనాన్ని ఈ కాలంలో మట్టిలోంచి ఎత్తినవాళ్ల పేర్లు సర్కారు అచ్చువేసిన పుస్తకంలో పడలేదు. విధికుడితోపాటు రాళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు బోధిసిరి శాసనంలోనూ లేవని ఎవరైనా గుర్తుచేస్తే ఒప్పుకుంటాను. కట్టించే స్థితిలో ఉన్న స్త్రీకి రాయి మీద చోటుంది, మోసే స్త్రీకి అప్పుడూ లేదు.

రక్షణ అన్న మాట మన దగ్గర ఎవరికి వర్తిస్తుందో శ్రీశైలం ప్రాజెక్టు నేర్పింది. ముంపు కింద పోయే గుళ్లను ఒక్కొక్క రాయికీ నెంబరు వేసి, విప్పి, మోసుకెళ్లి మళ్లీ పేర్చారు. కూడలి సంగమేశ్వరం గుడి అలంపురానికి చేరింది. మంచి పనే, నేను కాదనను. ఆ గుళ్ల చుట్టూ ఉన్న సుమారు వంద ఊళ్ల జనాన్ని మాత్రం 1981లో పోలీసులను పెట్టి ఇళ్లు కూలగొట్టి వెళ్లగొట్టారు. రాయి ఏ వరసలో, దేని పక్కన ఉండాలో లెక్క ఉంది. మనుషుల విషయంలో ఎవరి ఇంటి పక్కన ఎవరు, ఏ బావి ఎవరిది అన్న లెక్క ఎవరూ రాసుకోలేదు. ఊరు చెదిరితే ఆడవాళ్లకు పోయేది ఆ లెక్కే. బదులుకు బియ్యం, కాన్పుకు మంత్రసాని, కొట్టే మొగుడి నుంచి పారిపోయి తలదాచుకునే గడప అన్నీ అందులోనే ఉంటాయి.

నల్లమలలోనూ ఇదే. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. నంద్యాల వైపు గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యాన్ని 1990లో ప్రకటించారు. అడవికి రక్షణ వచ్చిన ప్రతిసారీ గడ్డలు తవ్వుకునే, తేనె, కుంకుళ్లు ఏరుకునే చెంచు స్త్రీ అనుమానితురాలైంది. చిత్రమేమంటే పురావస్తు శాస్త్రానికి ఈమె ఎంతో అవసరం. రాతియుగపు మనుషులు కర్నూలు గుహల్లో ఎట్లా బతికారో ఊహించడానికి చెంచులు, యానాదులు, ఎరుకలు, బోయలు ఎట్లా వేటాడతారు, ఏ గడ్డలు తవ్వుతారు, ఏ కాలంలో ఏం తింటారని పరిశోధకులు నమోదు చేసుకున్నారు. ఆ పని విలువైనది. ‘వేటగాడైన మగవాడే మానవ చరిత్ర నడిపాడు’ అనే కథను 1970ల నుంచి స్త్రీవాదులు పడగొట్టగలిగింది కూడా గడ్డలు తవ్వి, ఏరి తెచ్చే ఆడవాళ్ల శ్రమను లెక్కించడం వల్లనే. కాని ఆ వ్యాసాల్లో చెంచు స్త్రీ వేల ఏళ్ల కిందటి మనిషికి నమూనాగా వస్తుంది. ఏ వాగు దగ్గర ఏ రాయి దొరుకుతుందో, ఏ గవి ఎండాకాలం చల్లగా ఉంటుందో పరిశోధకుడికి దారి చూపిన మనిషిగా ఆమె రాదు. 2006 అటవీ హక్కుల చట్టం పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయమంది. అడవి గురించిన జ్ఞానం మీద ఆమె పేరు రాయమని చెప్పే చట్టం ఇంకా రాలేదు.

మరో పక్క, జ్వాలాపురంలో ప్రపంచం మాట్లాడుకునే ఆ బూడిదను శుభ్రపరిచే పొడుల కోసం తవ్వి అమ్ముకున్నారు. బతకడానికి అడవిలో గడ్డ తవ్వితే నేరమైన రాజ్యంలో అది ఏళ్ల తరబడి సాగింది. రక్షిత కట్టడాల ముందు నీలం బోర్డు పెట్టి, 2010 సవరణ ప్రకారం పాడుచేసినవాళ్లకు రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా అని రాస్తారు. బోర్డు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో నిర్ణయించే గదిలో ఆ మట్టి గురించి ఎక్కువ తెలిసినవాళ్లు ఎప్పుడూ లేరు.

పురావస్తు శాస్త్రవేత్తల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకొకటుంది. కూలీలకు ఆసక్తి లేదు, అడిగినా మాకేం తెలుసు సార్ అంటారు అంటారు. అలిసన్ మికెల్ అనే పరిశోధకురాలు జోర్డాన్‌లోని పెట్రాలో, టర్కీలోని చాతల్‌హోయుక్‌లో తవ్వకం కూలీలతో గడిపి 2021లో ఒక పుస్తకం రాసింది. తమకు ఎంతో తెలిసినా ఏమీ తెలియనట్టు ఉండటం ఆ కూలీలకు లాభించిందని ఆమె చూపించింది. తెలిసినవాడంటే దొంగతవ్వకాల అనుమానం, తెలియనివాడంటే మళ్లీ సీజన్‌లో పని. మన దగ్గర ఆశీష్ అవికుంఠక్ అదే ఏడాది వెలువరించిన పుస్తకంలో పురావస్తు సర్వే తవ్వకాల లోపలి ఆఫీసు శ్రేణులను విప్పి చూపాడు. దొర, మేస్త్రీ ముందు ‘నాకేం తెల్దు’ అనడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కాపు ఇంటి ముందు తరతరాలుగా ఆ మాటతోనే పని నిలబెట్టుకున్నారు. ఆ మాటను నిజంగా తెలియనితనంగా రాసుకున్న చదువు మీద నాకు గౌరవం తగ్గుతుంది.

ఇది ఆడ పరిశోధకుల మీద కక్ష కట్టే వాదన కాదని చెప్పాలి. గుడారంలో ఉండే రీసెర్చ్ స్కాలర్ అమ్మాయికీ కాంట్రాక్టే, ఆమెకూ మరుగుదొడ్డి లేదు. గైడుకు ఎదురు చెబితే సంతకం పడదన్న భయం ఆమెకూ ఉంది. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఉద్యోగి అన్న మాటలో దినకూలీని, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లను కూడా చేర్చింది. పని మీద వెళ్లిన ఏ చోటైనా పనిచోటే అంది. అంటే ఎడారిలో వేసినా అడవిలో వేసినా తవ్వకం గుడారం పనిచోటే. ఫిర్యాదు తీసుకునే కమిటీ సభ్యుల పేర్లు ఆ గుడారం మీద తెలుగులో రాసి ఉండాలి. విశ్వవిద్యాలయం కమిటీ నగరంలో ఉందంటే కుదరదు. పదిమంది కన్నా తక్కువ ఉన్నచోటికి జిల్లా స్థాయి కమిటీ ఉంది. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఆ కమిటీ ఎవరెవరితో ఉందో, ఆఖరిసారి ఎప్పుడు కూర్చుందో కలెక్టరాఫీసులో అడగడం మన పని. స్కాలర్ అమ్మాయి, జల్లెడ పట్టే అమ్మ ఒకే కాగితం మీద సంతకం, నిశానీ పెట్టగలిగేది ముందు ఇక్కడే.

ఇక మన సంస్థల సంగతి. బీడీ, ఇటుక బట్టీ, పత్తి విత్తనం, సారా మీద కొట్లాడాం. తవ్వకం కూలీ మన కంటికి ఆనలేదు. సంఖ్య చిన్నది, అక్కడొకటి ఇక్కడొకటి జరిగేది, పైగా చదువుకున్న మర్యాదస్తుల పని, మన మిత్రుల పని అన్న మొహమాటం. ‘వారసత్వ సంరక్షణ’ అనేసరికి మనమూ చెప్పులు విడిచి లోపలికి పోతున్నాం. అయితే మన రాష్ట్రంలో పల్లె స్త్రీలు ఈ విషయంలో మనకన్నా ముందున్నారు. ఉపాధి హామీ పనులకు 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలయ్యాక, మస్టరు గ్రామసభలో పైకి చదివించుకోవడం, నా పేరు మీద ఇన్ని రోజులు ఎట్లా పడ్డాయని అడగడం వాళ్లకు అలవాటైంది. చెరువు పూడిక తీసిన ఆడవాళ్ల పేర్లు, పనిదినాలు ఊరి ముందు చదివారు. అదే ఆడవాళ్లు అదే పలుగూ తట్టతో డెబ్బై వేల ఏళ్ల నాటి పూడిక తీస్తే మస్టరు ఎవరి బీరువాలో ఉందో తెలియదు.

కాబట్టి ఆ తనిఖీనే తవ్వకాలకూ అడుగుదాం. ప్రభుత్వ డబ్బుతో గాని, విశ్వవిద్యాలయం డబ్బుతో గాని, విదేశీ గ్రాంటుతో గాని తవ్వే ప్రతిచోటా సీజన్ ముగిసేలోపు మస్టరు ఆ ఊరి గ్రామసభలో చదవాలి. దొరికిన ప్రతి వస్తువుకూ ఇప్పటికే నెంబరు, లోతు, పొర, తేదీ రాసే రిజిస్టరుంది. అందులో ‘ఎవరి చేతికి దొరికింది’ అని ఇంకొక గడి గీయడానికి బడ్జెట్ అక్కర్లేదు. జల్లెడ పనిని నేర్పున్న పనిగా వర్గీకరించాలి. పనిచేసిన రోజుల లెక్కతో ప్రతి స్త్రీకీ ఒక సర్టిఫికెట్టు చేతికివ్వాలి. వచ్చే సీజన్‌లో, వేరే గుంతలో, వేరే సారు దగ్గర అది చెల్లాలి. నివేదిక అచ్చయ్యాక తెలుగులో నాలుగు పేజీల సారాంశం ఆ ఊరికి రావాలి. నలభై ఆరేళ్లకు కాదు, వాళ్లు బతికుండగానే రావాలి. డబ్బు లేదన్న మాట దీనికి చెల్లదు. ఒక్క నమూనాను తేదీ తేల్చడానికి విదేశీ ప్రయోగశాలకు పంపే ఖర్చు ఎంతో వాళ్లకు తెలుసు.

శనగ పీకడం ముగిసి, ఉపాధి పని ఇంకా తెరవని రోజుల్లో దొర్నిపాడు, కోవెలకుంట్ల, బనగానపల్లె ఆడవాళ్లకు ఏ కూలి దొరికినా పోతారు. ఆ రోజుల్లోనే ఆ వైపు గుడారాలు పడతాయి. ఈసారి పడ్డప్పుడు మన కార్యకర్తలు మందులు, కరపత్రాలు పట్టుకుని పోతే పోయారు గాని, మస్టరు అడిగి, చూసి, పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని రావాలి.